డైనమోని ఇంకాస్త పిండొచ్చా?

కారు కొన్న ఏడాదికల్లా దానికి బంధువర్గం పెరుగుతుంది. ముందు ఓ జత ఫాగ్‌లైట్లు వస్తాయి. తర్వాత డిక్కీలో ఆంప్లిఫయరు, దాని పక్కన పీపాలాంటి స్పీకరు. హెడ్‌లైట్లలో కంపెనీ బల్బులు పీకేసి నూరు వాట్లవి పెట్టిస్తారు. పిల్లల ఫోన్లకి చార్జర్లు, ల్యాప్‌టాప్‌కి ఇన్వర్టరు సరేసరి. ఇంతమందికీ కరెంటు ఎక్కణ్నుంచి వస్తుందని అడిగితే 'బ్యాటరీ ఉందిగా' అంటారు.

బ్యాటరీ మిద్దె మీద నీళ్ల ట్యాంకులాంటిది. అందులో ఉన్నదే ఇస్తుంది. దాన్ని నింపే మోటారు వేరే ఉంది. అదే ఆల్టర్నేటర్. మన ఆటో ఎలక్ట్రీషియన్లలో చాలామంది దాన్ని ఇప్పటికీ డైనమో అనే పిలుస్తారు. పేరు పాతదే కానీ లోపలి సరుకు మారిపోయింది. అసలు డైనమోలో తయారైన కరెంటంతా తిరిగే ఆర్మేచర్ మీంచి కార్బన్ బ్రష్‌ల ద్వారానే బయటికి రావాలి. అందుకే అది ఇరవై ఆంపియర్లు ఇవ్వడానికే ఆపసోపాలు పడేది. బండి ఐడిలింగ్‌లో ఉంటే అసలు చార్జింగే ఉండేది కాదు. ఆల్టర్నేటర్ ఈ ఏర్పాటుని తిరగేసింది. ఇందులో అయస్కాంతం తిరుగుతుంది, కరెంటు పుట్టే కాయిల్ కదలకుండా కూర్చుంటుంది. బ్రష్‌ల మీంచి వెళ్లేది అయస్కాంతానికి కావలసిన నాలుగైదు ఆంపియర్లే. ఇందులో పుట్టే ఏసీ కరెంటుని డీసీగా మార్చే చవకైన సిలికాన్ డయోడ్లు వచ్చాకే ఇది సాధ్యమైంది. అమెరికాలో క్రిస్లర్ కంపెనీ 1960లో వేలియంట్ కారుకి దీన్ని బిగించి అమ్మింది. ఆ తర్వాత డైనమో మెల్లగా పాత సామాన్ల కొట్టు చేరింది.

సరే, లెక్కలోకి వద్దాం. వానపడే రాత్రి, నగరంలో ట్రాఫిక్ జామ్. హెడ్‌లైట్లు 120 వాట్లు, ఏసీ బ్లోయరు, రేడియేటర్ ఫ్యాను కలిపి ఉజ్జాయింపుగా 250, వైపర్లు 60, ఇంజిన్ కంప్యూటరు, పెట్రోలు పంపు వగైరాలు 150 అనుకోండి. మొత్తం 580 వాట్లు. పదమూడున్నర వోల్టులతో భాగిస్తే 43 ఆంపియర్లు. ఆల్టర్నేటర్ మీద 65 ఆంపియర్లని రాసి ఉంటుంది కాబట్టి భయం లేదనిపిస్తుంది. చిక్కంతా అక్కడే. ఆ 65 అనేది ఆల్టర్నేటర్ నిమిషానికి ఆరువేల చుట్లు తిరిగినప్పటి మాట. ఐడిలింగ్‌లో ఇంజిన్ 800 చుట్లు తిరిగితే, పుల్లీల తేడా వల్ల ఆల్టర్నేటర్ రెండు వేలు తిరుగుతుంది. అప్పుడు రాసిన దాంట్లో సగం కూడా రాకపోవచ్చు. ముప్ఫై వచ్చిందనుకుంటే మిగతా 13 బ్యాటరీ నుంచి పోతాయి. బ్యాటరీ కొత్తదైతే రెండు మూడు గంటలు లాగుతుంది. దానికి ఫాగ్‌లైట్లు, నూరు వాట్ల బల్బులు తోడైతే ఇంకో 14 ఆంపియర్లు! ఘాట్ రోడ్డులో లారీ అడ్డం తిరిగి, పిల్లాపాపలతో అర్ధరాత్రి దాకా అక్కడే ఉండాల్సి వస్తే, తీరా దారి తెరుచుకున్నాక సెల్ఫ్ కొట్టదు.

ఇక్కడ 'డైనమో పవర్ పెంచేద్దాం సార్' అనే ఆలోచన పుడుతుంది. పెంచొచ్చు కూడా. కాకపోతే ప్రతి ఉపాయానికీ ఓ బిల్లు ఉంటుంది.

పుల్లీ మార్చడం వీటన్నిటిలో తేలిక. ఆల్టర్నేటర్ పుల్లీని చిన్నది చేస్తే అదే ఇంజిన్ వేగానికి అది ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఐడిలింగ్‌లో చార్జింగ్ బాగుపడుతుంది. అయితే హైవే మీద ఇంజిన్ ఆరువేలకి వెళ్తే, మూడింతల పుల్లీ మీద ఆల్టర్నేటర్ పద్దెనిమిది వేలకి చేరుతుంది. బేరింగులూ రోటరూ తట్టుకునే హద్దు ఇంచుమించు అక్కడే. పైగా చిన్న పుల్లీకి బెల్టు పట్టు తక్కువ. లోడు పడగానే కీచుమంటూ జారుతుంది.

రెండోది కాయిల్ వైండింగ్. లోపల మూడు జట్ల కాయిల్స్ ఉంటాయి. మూడింటి ఒక్కో కొసనీ ఒకచోట ముడివేస్తే స్టార్. ఒకదాని తోక ఇంకోదాని తలకి కలుపుతూ త్రిభుజం చేస్తే డెల్టా. స్టార్‌ని డెల్టాగా మారిస్తే పైవేగంలో కరెంటు 1.73 రెట్లవుతుంది. కొత్త రాగి తీగ అక్కర్లేదు, వైండింగ్ షాపులో ఓ పూట పని. ఇంత సులువైతే కంపెనీవాళ్లే ఎందుకు చేయలేదంటారా? చార్జింగ్ మొదలవడానికి కావలసిన వేగం కూడా అదే 1.73 రెట్లు పెరుగుతుంది కాబట్టి. వెయ్యి చుట్ల దగ్గర అందుకునేది 1,730 దాకా పలకదు. రోజంతా హైవే మీద పరిగెత్తే బండికి అది లాభమే. అమీర్‌పేట సిగ్నళ్ల మధ్య నలిగే బండికి మాత్రం ఉన్నదీ పోతుంది. తక్కువ చుట్లతో లావు తీగ చుట్టించినా కథ ఇంతే.

కటౌట్‌ని, అంటే రెగ్యులేటర్‌ని మోసం చేసే పద్ధతి ఒకటుంది. అది వోల్టేజీ చూసుకునే తీగలో ఓ డయోడు పెడితే, ఉన్నదానికన్నా అర వోల్టు పైన తక్కువ ఉందనుకుని అయస్కాంతాన్ని ఇంకా ఉసిగొల్పుతుంది. లైట్లు మెరుస్తాయి. వాటితోపాటు బ్యాటరీలో నీళ్లూ మరుగుతాయి, బల్బులు త్వరగా మాడతాయి. దీన్ని ఉపాయమనడం కన్నా అప్పు చేసి పప్పుకూడు అనడం నయం.

వేడి సంగతి ఎవరూ పట్టించుకోరు. రాగి నూరు డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధం సుమారు 39 శాతం పెరుగుతుంది. మే నెలలో రామగుండం ఎండలో, బోనెట్ కింద మరిగే ఆల్టర్నేటర్ దాని మీద రాసినంత ఇవ్వదు. గాలి రంధ్రాల్లో పేరుకున్న మట్టి, నూనె జిడ్డు శుభ్రం చేయిస్తే పోయిన ఆంపియర్లు కొన్ని పైసా ఖర్చు లేకుండా తిరిగొస్తాయి.

మసాచుసెట్స్ నుంచి ఒక ముచ్చట

ఆల్టర్నేటర్ వేగం పెరిగాక ఒక దశలో ఆంపియర్లు దాదాపు ఆగిపోతాయి. కాయిలే తన దారికి తాను అడ్డుపడుతుంది. కానీ వోల్టేజీ ఇచ్చే సత్తా పెరుగుతూనే ఉంటుంది. పద్నాలుగు వోల్టుల బ్యాటరీకి కట్టేయడంతో ఆ సత్తా వృథా అవుతుంది. అమెరికాలోని ఎమ్‌ఐటీలో డేవిడ్ పెరాల్ట్, వాహే కాలిస్కన్ అనే ఇంజినీర్లు మామూలు డయోడ్లకి ఎలక్ట్రానిక్ స్విచ్‌లు జోడించి ఆ పై వోల్టేజీని వాడుకునే దారి చూపించారు. 2004లో అచ్చయిన వాళ్ల పరిశోధన ప్రకారం పాత రకం ఆల్టర్నేటరే గరిష్ఠంగా రెట్టింపుకు పైగా శక్తి ఇవ్వగలదు. ఇవాళ కొన్ని కార్లలో 48 వోల్టుల వ్యవస్థలు వచ్చాయి. వోల్టులు పెంచితే అంతే శక్తికి తక్కువ ఆంపియర్లు, సన్నటి తీగలు చాలుతాయి.

ఇక అన్నిటికన్నా సూటిదారి పెద్ద ఆల్టర్నేటర్ బిగించడం. ఇక్కడే ప్రాణాల మీదికొచ్చే పొరపాటు జరుగుతుంది. 65 స్థానంలో 130 పెట్టి పాత చార్జింగ్ తీగనే ఉంచేస్తారు. కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు. ఇన్సులేషన్ కరిగి పక్కనున్న పెట్రోలు పైపుకి అంటుకుంటే, వెనక సీట్లో నిద్రపోతున్నవాళ్లని లేపే వ్యవధి కూడా ఉండదు. ఆల్టర్నేటర్ పెరిగితే తీగ, ఫ్యూజు, ఎర్త్ పట్టీ కూడా దానికి తగ్గవి మారాల్సిందే. బండిని కంపెనీ అనుమతించిన తీరుకి భిన్నంగా మారిస్తే మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అడ్డొస్తుంది, బీమా కంపెనీ కూడా పేచీ పెట్టొచ్చు.

ఈ కరెంటు ఊరికే రాదు కూడా. వంద ఆంపియర్లంటే 1,400 వాట్లు. ఆల్టర్నేటర్ సామర్థ్యం 55 శాతం అనుకుంటే ఇంజిన్ నుంచి సుమారు మూడున్నర హార్స్‌పవర్ లాగుతుంది. అంటే డీజిలే.

నిజంగా ఎక్కువ కరెంటు కావలసిన బండ్లు వేరే ఉన్నాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సుల్లాంటివి. ప్రమాదం జరిగినచోట ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగానే లోపల రోగికి పరికరాలు నడవాలి. అమెరికాలో ఇలాంటి బండ్లకి వోల్టేజీ పడిపోగానే ఇంజిన్ వేగాన్ని తనంతట తానే పెంచే ఏర్పాటు ఉంటుంది. కొన్నిటికి రెండేసి ఆల్టర్నేటర్లు బిగిస్తారు.

ఇంటి కారుకి అంత అవసరం లేదు. హెడ్‌లైట్ల వెలుగు చాలకపోతే స్విచ్ మీంచి కాకుండా బ్యాటరీ నుంచి రిలే ద్వారా లావు తీగతో కరెంటు ఇప్పిస్తే కంపెనీ బల్బులే కొత్తగా వెలుగుతాయి. ఆల్టర్నేటర్ జోలికే పోనక్కర్లేదు.

చార్జింగ్ పరీక్షకి మామూలు మల్టీమీటర్ చాలు. ఇంజిన్ ఆపి గంటయ్యాక బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. (చార్జింగ్‌ని కంప్యూటరే నడిపే కొత్త కార్లలో ఈ అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి.) తర్వాత లైట్లు, ఏసీ, వైపర్లు అన్నీ వేయండి. 13 కన్నా కిందికి జారితే ఎక్సలేటర్ కొంచెం నొక్కిపట్టండి. వెంటనే లేస్తే ఆల్టర్నేటర్ బాగానే ఉన్నట్టు, ఐడిలింగ్‌లో లోడు ఎక్కువైనట్టు. లేవకపోతే బెల్టు, బ్రష్‌లు, డయోడ్లు ఈ వరసలో చూపించుకోవాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి చూసే పాత మెకానిక్ ఎవరైనా ఎదురైతే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపండి. డైనమో రోజుల్లో అది చెల్లిందేమో కానీ, ఇప్పుడలా పీకితే వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకి ఒక్కోసారి 80 దాటుతుంది. వేల రూపాయల ఇంజిన్ కంప్యూటరు క్షణంలో చచ్చిపోతుంది.