రూతును పరిగె దగ్గరే ఆపేస్తున్నాం



ఈ వారం రాసేది మన సంఘంలో కొందరికి నచ్చదు. రాయకుండా ఉందామని రెండు వారాలు చూశాను, నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నాను.

మన మందిరానికి రెండెకరాల పొలం ఉంది. ఏటా ఉగాదికి ముందు పెద్దలు కూర్చొని దానికి కౌలు పాట పెడతారు. ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళది. ఆ డబ్బుతో మందిరానికి సున్నం, కరెంటు బిల్లు, క్రిస్మస్ భోజనం నడుస్తాయి. ఈసారి పాట జరుగుతుండగా తలుపు దగ్గర నిలబడ్డ ఒక తమ్ముడు చేయెత్తాడు. నాందేడ్ జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. భార్యాభర్తలిద్దరూ ఏడేళ్ళుగా అదే పొలంలో కూలికి నాట్లు వేసి, కలుపు తీసి, కోతలు కోసినవాళ్ళు. చిన్న పాప ఇక్కడే పుట్టింది, మన సండేస్కూల్లో తెలుగులోనే కంఠత వాక్యం ఒప్పజెప్తుంది. "అయ్యగారూ, ఈసారి మాకియ్యుండ్రి. అందరు పాడినంతే కడతం. సగం ఇప్పుడిస్తం, సగం పంటకు" అన్నాడు.

ఎవరో నవ్వారు. ఒక పెద్దాయన, "మీరు ఈ ఊరోళ్ళు కాదు గద బిడ్డా, రేపు లేచిపోతే ఎవర్ని పట్టుకోవాలె?" అన్నాడు. పాట సాగింది. ఇప్పటికే ఇరవై ఎకరాలున్న ఒక ఆసామి దగ్గర ఆగింది. ఆయన మన సంఘస్థుడు కూడా కాదు. నేను ముందు కుర్చీలోనే కూర్చున్నాను. నోరు తెరవలేదు. ముగింపు ప్రార్థన చేసి ఇంటికి వచ్చాను.

ఇదే కుటుంబానికి మొన్న క్రిస్మస్‌కు మనం దుప్పటి ఇచ్చాం. ఫొటో కూడా తీసుకున్నాం. దుప్పటి కప్పడానికి వాళ్ళు మనవాళ్ళే, పొలం దున్నడానికి మాత్రం పరాయివాళ్ళా?

రూతు గ్రంథం మీద మనం ఎన్ని ప్రసంగాలు విన్నామో లెక్కలేదు. దాదాపు అన్నీ రెండవ అధ్యాయం మీదే. మోయాబు నుంచి వచ్చిన పేద స్త్రీ పరిగె ఏరుకుంటుంది, బోయజు దయతో కొన్ని పనలు కావాలనే వదలమంటాడు, ఆమేన్. అక్కడే ఆపేస్తాం. కానీ గ్రంథం అక్కడ ఆగలేదు. నాలుగవ అధ్యాయంలో బోయజు ఊరి గవిని దగ్గర కూర్చుంటాడు. పదిమంది పెద్దలను కూర్చోబెడతాడు. పొలం సంగతి పేరుపేరునా మాట్లాడి, సాక్షుల ముందు తేలుస్తాడు. ఆ కాలపు పద్ధతి ప్రకారం చెప్పు తీసి ఇవ్వడం జరుగుతుంది, అదే వాళ్ళ దస్తావేజు. పరిగె ఏరుకున్న పరదేశి కడుపున పుట్టినవాడు ఆ భూమికి వారసుడయ్యాడు. బోయజు దయ పనలు వదలడంతో తీరిపోలేదు, కాగితం దాకా పోయింది.

ఇంకో మాట. మత్తయి మొదటి అధ్యాయం ప్రకారం బోయజు తల్లి రాహాబు. యెరికో నుంచి వచ్చిన స్త్రీ. తన తల్లి పరాయిదని గుర్తున్నవాడికి రూతు పరాయిదానిలా కనిపించలేదేమో.

ఈ మాట ఎందుకంటున్నానంటే, మన జిల్లా చరిత్రే అలాంటిది. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పర్యవేక్షణలో కట్టిన ఆ ప్రాజెక్టు ఉద్దేశం 2 లక్షల 75 వేల ఎకరాలకు నీళ్ళివ్వడం. నీళ్ళు వచ్చాయి గానీ, అంత విస్తీర్ణంలో కాలువ కింద తరి సేద్యం చేసిన అలవాటు ఇక్కడివాళ్ళకు తక్కువ. అప్పుడు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి రైతులు బండ్లు కట్టుకొని వచ్చారు. బోధన్, వర్ని, కోటగిరి వైపు ఈనాటికీ ఊర్ల పేర్ల చివర క్యాంపు అని ఉంటుంది చూడండి, అవి వాళ్ళు దిగిన చోట్లు. భూమి చౌకగా దొరికింది, కాలువ సిద్ధంగా ఉంది. 1937లో బోధన్ దగ్గర నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. చెరకు వేస్తే కొనేవాడు ఊళ్ళోనే ఉన్నాడు. రుద్రూరులో పరిశోధన కేంద్రం కూడా వచ్చింది.

వాళ్ళు కష్టపడలేదని నేననను. చాలా కష్టపడ్డారు. కానీ కష్టపడినవాళ్ళంతా ఆసాములైతే, ఆ ఫ్యాక్టరీకి చెరకు నరికినవాళ్ళు ముందు కావాలి. సాలూర దగ్గర మంజీర దాటి మరాఠీ కుటుంబాలు ఏటా వచ్చేవి. భార్యాభర్తల జంటను వాళ్ళలో కోయతా అంటారు. అంటే కొడవలి. మనిషి పేరు పోయి పనిముట్టు పేరు మిగిలింది. పొద్దున మూడింటికి లేచి నరికేవాళ్ళు. పైగా ముందే తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా కదలడానికి లేదు. ఒకరికి భూమి, నీళ్ళు, అప్పు, కొనుగోలుదారుడు దొరికారు. ఇంకొకరికి కొడవలి దొరికింది. మధ్యలో ఉన్నది కష్టంలో తేడా కాదు.

ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. కొందరు వెళ్ళిపోయారు, కొందరు వరి నాట్లకు, పసుపు తవ్వకానికి మళ్ళి ఇక్కడే ఉండిపోయారు. వీళ్ళను మనం పరరాష్ట్రం వాళ్ళంటాం. 1956 నవంబరు 1 దాకా నాందేడ్, నిజామాబాద్ రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోవే. వాళ్ళ తాత, మన తాత ఒకే సర్కారుకు శిస్తు కట్టారు. తర్వాత మధ్యలో గీత పడింది. అంతే.

యెహెజ్కేలు 47వ అధ్యాయం చివరి రెండు వచనాలు తీసి చదవండి. నేను మొదటిసారి బైబిలు కళాశాలలో చదివాను, పరీక్ష కోసం. ఇప్పుడు చదివితే చెమట పట్టింది. భూమిని గోత్రాలకు పంచేటప్పుడు, మీ మధ్య ఉండి మీ మధ్య పిల్లలను కన్న పరదేశులకు కూడా స్వాస్థ్యము ఇవ్వమంటాడు దేవుడు. వాళ్ళను దేశంలో పుట్టినవాళ్ళలాగే ఎంచమంటాడు. ఏ గోత్రంలో నివసిస్తే ఆ గోత్రంలోనే వాటా. పిల్లలు ఇక్కడ పుట్టారా అన్నదొక్కటే అక్కడ అడిగిన ప్రశ్న. మన సండేస్కూల్ హాజరు పట్టీలో ఆ పాప పేరుంది.

ఇప్పుడు గల్ఫులో ఉండి ఇది చదువుతున్న తమ్ముళ్ళతో. దుబాయిలో, మస్కట్‌లో, దోహాలో మీరు పదేళ్ళు, ఇరవై ఏళ్ళు చాకిరీ చేస్తారు. అక్కడి మేడలు మీ చేతుల మీద లేచాయి. మీ వీసా కఫీల్ చేతిలో, మీ ఉనికి ఆయన సంతకంలో. రేపు పొమ్మంటే పోవాలి. సెలవుకు వచ్చినప్పుడు నా ముందు కూర్చొని ఏడ్చినవాళ్ళు మీలో ఉన్నారు. మరి మీరు వెళ్ళాక మీ పొలం ఎవరు చేస్తున్నారు? కౌలుకిచ్చారు. నోటి మాట మీద, ఏడాదికి. అక్కడ కఫీల్ మీకు ఎలాగో, ఇక్కడ మీరు ఆ కౌలుదారుకు అలాగే. కోపం తెచ్చుకోకండి, కాసేపు ఆలోచించండి.

నోటి మాట కౌలు అంటే ఏమిటో విడమర్చి చెప్తాను, ఎందుకంటే భూమి ఉన్నవాళ్ళకు ఇది కనపడదు. వడ్లు కొనుగోలు కేంద్రానికి పోతే పాసుబుక్కు ఉన్నవాడి పేరు మీద తూకం, ఆయన ఖాతాలోనే డబ్బు. కౌలుదారు ఆయన ఇంటి చుట్టూ తిరగాలి. 2018లో వచ్చిన రైతుబంధు గానీ, దాని స్థానంలో వచ్చిన రైతు భరోసా గానీ పట్టాదారుకే పడుతున్నాయి. రైతు చనిపోతే 5 లక్షలిచ్చే రైతు బీమా కూడా పట్టా ఉన్నవాడికే. బ్యాంకు అప్పు లేదు కాబట్టి ఎరువుల దుకాణంలో ఉద్దెర, ఆ ఉద్దెరకు వడ్డీ, వడ్డీ కోసం పంట ఆ వ్యాపారికే. వచ్చే ఏడు పొలం తనదో కాదో తెలియనివాడు పశువుల ఎరువు ఎందుకు తోలుతాడు? పసుపు నేల నుంచి తీయడానికి ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. 2025లో జాతీయ పసుపు బోర్డు మన నిజామాబాద్‌కే వచ్చింది, సంతోషం. ఏటేటా పాటలో చేతులు మారే పొలంలో పసుపు వేసే ధైర్యం ఎవరికుంటుంది?

కాగితం రాసిస్తే భూమి పోతుందనే భయం మన పెద్దల్లో బలంగా ఉంది. దానికి కారణం ఉంది. 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులకు కొన్నిచోట్ల యాజమాన్య హక్కే వచ్చింది. ఆ కథలు ఇంట్లో విన్నాం. కానీ 2011లో ఉమ్మడి రాష్ట్రంలో చేసిన భూఅధీకృత సాగుదారుల చట్టం సంగతి వేరు. దాని కింద కౌలుదారుకు ఇచ్చే కార్డు అప్పు కోసం, పంట కోసం మాత్రమే. భూమి మీద ఏ హక్కూ రాదని చట్టమే చెప్తుంది. సరిగా అమలు కాక మూలన పడింది. నోటి మాట కౌలుదారుకు కూడా కిసాన్ క్రెడిట్ కార్డు ఇవ్వవచ్చని బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. నాలుగు నుంచి పదిమంది దాకా కలిసి ఉమ్మడి బాధ్యత సంఘంగా ఏర్పడితే, భూమి తాకట్టు లేకుండా అప్పు తీసుకునే పద్ధతి నాబార్డుది ఉంది. ఏ కాగితం ఎలా రాయాలో వకీలును అడిగి రాద్దాం. అసైన్డ్ భూమి ఉన్నవాళ్ళు మాత్రం జాగ్రత్త. దాన్ని చేతులు మార్చకూడదని 1977 చట్టం. అది మన పేదల భూమి మనకు మిగలడానికే పెట్టింది.

ఇలాంటిది ఎక్కడైనా జరిగిందా అంటారు. అమెరికాలో కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయలో ఆకుకూరలు, స్ట్రాబెర్రీలు కోసే కూలీల్లో ఎక్కువమంది మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు. అక్కడ ఆల్బా అనే సంస్థ ఆ కూలీలకే సాగు, లెక్కలు, అమ్మకం నేర్పి, ముందు కొద్దిపాటి భూమి తక్కువ కౌలుకు ఇచ్చి, నిలదొక్కుకున్నకొద్దీ భూమినీ కౌలునూ పెంచుతుంది. కొన్నేళ్ళకు వాళ్ళు బయటికి పోయి సొంత పేరుతో వ్యవసాయం చేసుకుంటారు. ఇందులో మనకు చేతగానిది ఏముంది? మన సంఘంలో తెలంగాణ యూనివర్సిటీలో కామర్స్ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు నలుగురున్నారు. బ్యాంకు ఫారం నింపడం వాళ్ళకు రాదా?

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఇది: "మన సంఘంలోనే భూమి లేనివాళ్ళు ఉన్నారు, ముందు వాళ్ళకు కాదా?" న్యాయమైన మాట. నేనూ భూమి లేని ఇంట్లోనే పుట్టాను. కానీ గత పదేళ్ళ పాట పుస్తకం తిరగేశాను. ఒక్కసారి కూడా ఆ రెండెకరాలు మన భూమిలేని కుటుంబానికి పోలేదు. ప్రతిసారీ ఎక్కువ పాడినవాడికే. మన పేదలు మనకు గుర్తుకొచ్చింది ఈ పరదేశి చేయెత్తిన రోజే. అందుకని నేనడిగేది, చెరొక ఎకరం. ఒకటి ఆ కుటుంబానికి, ఒకటి మన దళితవాడలో భూమి లేని ఒక కుటుంబానికి. బోరు ఒక్కటే, నీళ్ళు వంతులవారీగా పంచుకుంటారు. ఇద్దరూ ఒకే ఉమ్మడి బాధ్యత సంఘంలో చేరతారు. మొదటి ఏడు సగం కౌలు, అదీ పంటకు. ఏడాదేడాదికి పాట పెట్టకుండా కొన్నేళ్ళు వాళ్ళ దగ్గరే ఉంచాలి.

కౌలు తగ్గితే క్రిస్మస్ భోజనం సంగతేమిటని కోశాధికారి అడుగుతారు. ఒక ఏడు పప్పన్నం తిందాం.

మన డిచ్‌పల్లిలోనే ఉన్న ఉదాహరణ ఒకటి చెప్పకుండా ఉండలేను. 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ ఇక్కడ కుష్ఠు ఆసుపత్రి మొదలుపెట్టారు. సొంత ఊళ్ళే వెళ్ళగొట్టిన మనుషులు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. "మీరు ఈ ఊరోళ్ళు కాదు" అని అప్పుడు ఎవరైనా అనగలిగేవారే. ఆ ఆసుపత్రికి అండగా నిలిచిన దాత నర్సా గౌడ్, హిందువు.

నేను నిన్న సాయంత్రం పాటలో గెలిచిన ఆ ఆసామి ఇంటికి వెళ్ళాను. బయానా ఇంకా తీసుకోలేదు కాబట్టి అడిగే హక్కు ఉందనుకున్నాను. చాయ్ ఇచ్చారు. సంగతంతా విని, "రెండెకరాలతోని నాకేమైతది పాస్టర్ గారూ. మీ పెద్దలు ఒప్పుకుంటే నేను ఇడిసిపెడత" అన్నారు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దల కూటం ఉంది. సంఘస్థులు ఎవరైనా కూర్చోవచ్చు. దూరంగా ఉన్నవాళ్ళు మీ అభిప్రాయం మీ ఇంటివాళ్ళతో చెప్పి పంపండి. పాట పుస్తకం, యెహెజ్కేలు గ్రంథం రెండూ బల్ల మీద పెడతాను. ఆ తమ్ముడిని కూడా రమ్మన్నాను. ఈసారి తలుపు దగ్గర నిలబడొద్దు, ముందుకొచ్చి కూర్చోమని చెప్పాను.