రైలు ఉండాల్సింది బీరువాలో కాదు, పట్టాల మీద

మన సంఘానికి వచ్చిన పాత హార్న్‌బీ రైలును, అదే కీ ఇస్తే తిరిగే రేకు బండిని, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేద్దామని కొందరు పెద్దలంటున్నారు. మేము ఒప్పుకోం. ఈ దసరాకి అది కొలువులో తిరగాలి.

"నడిపితే విలువ పోతుంది" అంటున్నారు. ఏ విలువ? సేకరించేవాళ్లు డబ్బు పోసేది అట్టపెట్టెతో సహా కొత్తగా ఉన్నవాటికి. మనదానికి అట్టపెట్టె లేదు, ఇంజను అంచుల్లో రంగు లేచిపోయింది, ఒక బోగీ కొక్కెం వంగింది. అవన్నీ పిల్లలు ఆడుకున్న గుర్తులు. "రంగు వేయిద్దాం" అనేవారికీ చెబుతున్నాం: కొత్త రంగు పడితే ఆ గుర్తులూ పోతాయి, మిగిలిన కాస్త ధరా పోతుంది.

"బీరువాలో భద్రం" అన్నది రెండో మాట. లివర్‌పూల్‌లోని మెకానో కంపెనీ 1920లో ఈ రైళ్లు మొదలుపెట్టింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు చేసినవాటిలో కొన్నిటికి జింకు మిశ్రమంతో పోతపోసిన చక్రాలున్నాయి. లోహంలో చేరిన మలినాల వల్ల అవి నడిపినా నడపకపోయినా పగిలి పొడి అవుతాయి. కదలని గేర్లలో పాత నూనె జిగురై గట్టిపడుతుంది. మన మదరాసు ఉప్పుగాలికి రేకు తుప్పు పడుతుంది. వీటిలో ఏ ఒక్కదాన్నీ తాళం ఆపదు. ఆపగలిగింది తరచూ తీసి చూసే మనిషే.

నడపడానికీ పద్ధతుంది. జిగురు తుడిచి ఇరుసులకు కుట్టుమిషను నూనె ఒక్కో చుక్క వేయాలి. కీ చివరిదాకా బిగించకూడదు. బండిని పట్టాల మీద పెట్టాకే వదలాలి. చేతిలో ఉండగా వదిలితే స్ప్రింగు ఒక్కసారిగా విప్పుకుని గేర్లు దెబ్బతింటాయి. పాత రంగులో సీసం ఉండొచ్చు కనుక పసివాళ్లు నోట్లో పెట్టుకోకుండా చూసి, ఆడాక చేతులు కడిగించాలి.

ఆంధ్రలో చాలా ఇళ్లలో సంక్రాంతికి పెట్టే కొలువు ఇక్కడ మనం దసరాకి పెడతాం. మెట్ల ముందు పార్కు కట్టి రైలు తిప్పడం మనకు కొత్త కాదు. పిల్లలు మన కార్యక్రమాలకు రావడం లేదని ప్రతి సమావేశంలో వాపోతాం. వాళ్లని కూర్చోబెట్టగల బొమ్మ చేతికొస్తే తాళం వేస్తామంటాం. ఇదేం న్యాయం?

పెద్దలారా, వచ్చే సమావేశంలో ఓటు పెట్టండి. బీరువా డబ్బుతో పట్టాలు కొనండి. నూనె సీసా మేము తెస్తాం.