భయమా, సమ్మతియా?

హిట్లర్ నియంతృత్వం దేనిపై నిలిచింది? చరిత్రకారులు దీనిపై ఏకీభవించరు. జర్మన్లలో అధికులు మనస్ఫూర్తిగా సమ్మతించారని, రహస్య పోలీసులకు ఇరుగుపొరుగువారే సమాచారం చేరవేశారని రాబర్ట్ గెలట్లీ వాదన. ఆ సమ్మతి వెనుక లాఠీ, చెరసాల ఉన్నాయని రిచర్డ్ ఇవాన్స్ సమాధానం.

అధికారం చేజిక్కిన తీరు చూస్తే ఇవాన్స్ మాటే నిజమని మేము భావిస్తాము. 1932 నవంబరు ఎన్నికలలో నాజీలకు దక్కినవి 33 శాతం ఓట్లే. 1933 జనవరి 30న హిట్లర్‌కు ఛాన్సలర్ పదవిని కట్టబెట్టినవాడు అధ్యక్షుడు హిండెన్‌బర్గ్. మార్చి 23న సర్వాధికారాల చట్టం నెగ్గిన నాడు కమ్యూనిస్టు సభ్యులను సభలో అడుగుపెట్టనివ్వలేదు. నాజీ దళాలు చుట్టుముట్టి ఉన్నా 94 మంది సోషల్ డెమోక్రాట్లు వ్యతిరేకంగా ఓటు వేశారు. దీనిని ప్రజల సమ్మతి అనగలమా?

అయితే భయమే సర్వస్వమంటే, భయపడనక్కరలేనివారు నేరం నుండి తప్పించుకుంటారు. 1933 ఏప్రిల్ 7 నాటి చట్టం పలువురు యూదు ఉద్యోగులను ప్రభుత్వ కొలువులకు అనర్హులను చేసింది. ఆ జాబితాలు రాసినది, ఉత్తర్వులు పంపినది తుపాకీ పట్టని గుమాస్తాలు. ఫైళ్ల నడుమ జీవితం గడిపిన మాకు తెలుసు, కింది చేతులు కదలనిదే పై ఆజ్ఞ వట్టి కాగితమే.

నియంత మొదట కొందరినే కొడతాడు. మిగిలినవారి మౌనాన్ని సమ్మతిగా లెక్కిస్తాడు. అందుకే దెబ్బ తగిలినవారు మనవారా, పరాయివారా అని విచారించక మనం మొదటినాడే నోరు విప్పాలి.