బుజ్జాయి ఫొటో వెనకాల ఎంత పనుందో!

ఇంట్లో పసిపాప పుట్టిందంటే పూర్వం బారసాలనాడు ఒక ఫొటో, అన్నప్రాశననాడు ఇంకో ఫొటో తీయించి సరిపెట్టుకునేవాళ్లం. అదీ పిల్లను స్టూడియోకి ఎత్తుకెళ్లి, బల్లమీద దుప్పటి పరిచి, గిలక్కాయ ఊపుతూ ‘ఇటు చూడమ్మా, ఇటు!’ అని నానా తంటాలూ పడి! ఇప్పుడలా కాదు. బిడ్డ పుట్టిన పది, పన్నెండు రోజులకే ఫొటోగ్రాఫర్లు బుట్టలు, ఉన్నిటోపీలు, మెత్తటి గుడ్డలు పట్టుకుని ఇంటికే వచ్చేస్తున్నారు. పురిటికి పుట్టింటికొచ్చిన మీ అమ్మాయి ఫోన్లో ఓ ఫొటో చూపించి ‘అమ్మా, మన బుజ్జిదానికీ ఇలాగే తీయిద్దామే’ అంటుంది. రెండు అరచేతుల్లో గడ్డం ఆనించుకుని, కప్పపిల్లలా కూర్చుని నిద్రపోతున్న బిడ్డ ఫొటో అది. మీకేమో గుండె ఝల్లుమంటుంది. మెడ కూడా నిలవని పసిగుడ్డు అలా ఎలా కూర్చుందమ్మా అని!

మీ అనుమానం సరైనదే. ఆ బిడ్డ అలా కూర్చోలేదు. అది ఒక ఫొటో కాదు, రెండు ఫొటోలు. ఒకదాంట్లో ఎవరో ఒకరు బిడ్డ తలను పట్టుకుంటారు. రెండోదాంట్లో చేతుల్ని పట్టుకుంటారు. తర్వాత కంప్యూటర్లో రెండింటినీ కలిపి, పట్టుకున్నవాళ్ల వేళ్లు కనబడకుండా చెరిపేస్తారు. పని తెలిసినవాళ్లు బిడ్డను ఒక్క క్షణం కూడా వదిలిపెట్టరు. తెలియనివాళ్లు ఆ ఫొటో చూసి నిజంగానే కూర్చోబెట్టబోతారు. అందుకే అడ్వాన్సు ఇచ్చేముందే ‘ఇది ఎలా తీస్తారండీ?’ అని అడగండి. ‘రెండుసార్లు తీసి కలుపుతామండీ, బిడ్డ దగ్గర మా మనిషి ఉంటుంది’ అన్నారా, సరే. ‘అదేముందండీ, కూర్చోబెడితే కూర్చుంటుంది’ అన్నారా, నమస్కారం పెట్టి పంపేయండి.

ఈ ముచ్చట ఇవాళ్టిది కాదు లెండి. ఆస్ట్రేలియాలో పుట్టిన ఆన్ గెడ్డెస్ అనే ఫొటోగ్రాఫర్ పసిపిల్లల్ని పువ్వుల్లోనూ ఆకుల్లోనూ చూపిస్తూ తీసిన ‘డౌన్ ఇన్ ద గార్డెన్’ పుస్తకం 1996లో వచ్చింది. ఆవిడ తీసిన బొమ్మలున్న క్యాలెండర్లు, గ్రీటింగ్ కార్డులు మనలో చాలామందిమి చూసినవే. చూడ్డానికి ఆటలా కనబడే ఆ ఒక్క బొమ్మ వెనక ఎంత తయారీ ఉంటుందో మాత్రం బయటికి కనబడదు.

మంచి ఫొటోగ్రాఫరైతే కెమెరా బయటికి తీయకముందే సగం పని అయిపోయి ఉంటుంది. ముందు ఫోన్లో బోలెడు ప్రశ్నలు అడుగుతారు. విసుక్కోకండి. బిడ్డ ఎప్పుడు పుట్టింది, నెలలు నిండాకేనా, బరువెంత, పచ్చకామెర్లేమైనా వచ్చాయా, బొడ్డు ఊడిందా, పాలు ఎన్ని గంటలకోసారి తాగుతోంది... ఇవన్నీ వాళ్లకు కావాలి. బొడ్డు ఊడని బిడ్డను బోర్లా పడుకోబెట్టి పొట్ట ఒత్తుకునేలా తీయకూడదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే డాక్టరుగారు సరేనన్నాకే తేదీ పెట్టుకోవాలి. ఒళ్లు పచ్చగా కనబడుతుంటే మొదట వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి. ఫొటోలో ఆ పచ్చదనాన్ని కంప్యూటర్ తీసేయగలదు గానీ బిడ్డ ఒంట్లోంచి తీయలేదు కదా!

పుట్టిన అయిదో రోజు నుంచి పద్నాలుగో రోజు లోపల తీస్తే బాగుంటుందని వాళ్లంటారు. ఆ రోజుల్లో బిడ్డ ఎక్కువసేపు నిద్రపోతుంది, కడుపులో ఉన్నట్టే ముడుచుకుని పడుకుంటుంది. మన ఇళ్లలోనేమో పురుడు! పదకొండో రోజు వెళ్లేదాకా బయటివాళ్లెవరూ బాలింత గదిలోకి రాకూడదంటారు అత్తగారు. దీనికోసం పంతాలకు పోవద్దు. పురుడు వెళ్లాక పన్నెండో రోజునో పదమూడో రోజునో పిలిపించుకోవచ్చు. ఇరవయ్యొకటో రోజు బారసాల దాటాక తీయించినా కొంప మునగదు. అప్పటికి బిడ్డ కళ్లు విప్పార్చి చూస్తుంటుంది, ఆ అందం వేరు. పుట్టిన రెండువారాల్లోపు తీయకపోతే ఇక లాభం లేదని ఎవరైనా తొందరపెడితే నమ్మకండి.

ముందురోజు వాళ్ల ఇంట్లో జరిగే పని మన ఇంట్లో పండగ పనిలాగే ఉంటుంది. బిడ్డకు చుట్టే గుడ్డలన్నీ వాసన లేని సబ్బుతో ఉతికి, ఎండలో ఆరేస్తారు. ఒక బిడ్డకు వాడినవి ఉతక్కుండా ఇంకో బిడ్డకు వాడరు, వాడకూడదు కూడా. బుట్ట అంచుల్లో పుల్లలు లేచాయేమో చేత్తో తడిమి చూస్తారు. తలకు కట్టే పట్టీలకు ముత్యాలు, పూసలు ఊడిపోయేలా ఉంటే పక్కన పడేస్తారు. గోళ్లు కత్తిరించుకుంటారు. ఇంట్లో అడుగుపెట్టగానే ఉంగరాలు, గాజులు, వాచీ తీసి సంచీలో వేసి, సబ్బుతో చేతులు కడుక్కుంటారు. బ్యాటరీలు నిండా ఛార్జి పెట్టి, ఇంకోటి అదనంగా తెచ్చుకుంటారు. మెమరీ కార్డులు ఖాళీ చేసి పెట్టుకుంటారు. ఒకేసారి రెండు కార్డుల్లో ఎక్కించే కెమెరాలున్నాయి. ఒకటి పాడైనా రెండోది ఉంటుంది. రెండోసారి తీద్దామంటే బిడ్డకు మళ్లీ పది రోజుల వయసు రాదుగా!

వాళ్లకు జలుబో దగ్గో ఉంటే రాకూడదని ముందే చెప్పుకోండి. మొహమాటపడకండి. కోరింతదగ్గు నుంచి కాపాడే పెంటావాలెంట్ టీకా మన దేశంలో మొదటి మోతాదు వేసేదే ఆరు వారాలకు. అందాకా బిడ్డకు ఆ రక్షణ ఉండదు. నిజమైన ఫొటోగ్రాఫరైతే తనకు తుమ్ములు పట్టుకున్నాయని తానే ఫోన్ చేసి తేదీ మార్చుకుంటారు.

ఇక మీ వంతు. బిడ్డకు బట్టలు విప్పి తీస్తారు కాబట్టి గది వెచ్చగా, 27, 28 డిగ్రీల దగ్గర ఉండాలంటారు. చలిదేశాల్లో ఇందుకోసం హీటర్లు పెట్టుకుంటారు. మన కోస్తాలో, తెలంగాణలో ఎండాకాలం వస్తే ఆ బాధ లేదు, అప్పుడు చూసుకోవాల్సింది ఏసీ గాలి సూటిగా బిడ్డ మీద పడకుండా. ఎండ నేరుగా పడకుండా వెలుతురు మాత్రం వచ్చే కిటికీ ఉన్న గది చూసి పెట్టండి. పల్చటి తెల్ల ధోవతి అడ్డం కడితే వెలుతురు ఇంకా మెత్తబడుతుంది. వాళ్లు వేలకు వేలు పోసి కొనే తెరలూ చేసేది ఆ పనే.

నూనె రాసి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని స్నానం చేయించి, కడుపునిండా పాలు పట్టిస్తే మన బుజ్జాయిలు కుంభకర్ణుడి చెల్లెళ్లే! కాబట్టి ఆ వేళకే వాళ్లను రమ్మనండి. ఆ రోజు మాత్రం నూనె మిగలకుండా శుభ్రంగా తుడవండి. లేకపోతే ఒళ్లంతా మెరిసి ఫొటోలో జిడ్డుగా కనిపిస్తుంది. సాంబ్రాణి పొగ వేయకండి. ఆ పొగ పసిబిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదని పిల్లల డాక్టర్లు ఎటూ చెబుతూనే ఉన్నారు. కంట్లో కాటుకా వద్దంటారు వాళ్లు. దిష్టిచుక్క లేకుండా ఎలా అని అమ్మమ్మగారు గొణిగితే అరికాల్లో పెట్టనివ్వండి. ఆవిడ మాటా నిలుస్తుంది, ముఖమూ తేటగా ఉంటుంది.

పని తొందరగా అవుతుందనుకోకండి. మధ్యలో పాలకు లేస్తుంది, గుడ్డలు తడుపుతుంది, ఏడుస్తుంది. మూడుగంటలైనా పట్టొచ్చు. అంతసేపూ బిడ్డకు చేయి అందేంత దూరంలో ఒక మనిషి కదలకుండా కూర్చోవాలి. వాళ్లు ఆ మనిషిని వెంటబెట్టుకుని రాకపోతే మీరే కూర్చోండి. వంటపనంతా ఆ పూటకు ఇంకెవరికైనా అప్పజెప్పండి. గడ్డం ఛాతీకి నొక్కుకుపోతే పసివాళ్లకు ఊపిరాడదు. అది గమనించాల్సింది మీరే. బిడ్డ ముఖం కమిలినట్టు అనిపించినా, చేతులు చల్లబడినా ‘ఆపండి’ అనే హక్కు మీది. డబ్బిచ్చాం కదా, అన్నీ తీయించాల్సిందే అన్న ఆరాటం వద్దు.

ఇంకోమాట. ఇలాంటి ఫొటోల్లో ఎక్కడ వెతికినా కనబడని మనిషి ఒకరున్నారు, బాలింత. జుట్టు రేగిపోయిందనో, ఒళ్లు వచ్చిందనో పక్కకు తప్పుకుంటుంది. వీపు వెనక దిండు పెట్టి, కుట్లు లాగకుండా కూర్చోబెట్టి, ఉన్న చీరలోనే బిడ్డను ఒళ్లో పెట్టి నాలుగు ఫొటోలు తీయమని ముందే చెప్పండి. పనితెలిసిన ఫొటోగ్రాఫరు ఇవి మొదటే తీసేసి తల్లిని పడుకోమంటారు.

సంతకం పెట్టమని కాగితం ఇస్తే చదివి పెట్టండి. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, మీరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు మొదటి హక్కుదారు మీరే, వేరే ఒప్పందం రాసుకోకపోతే. ‘మా ప్రచారానికి వాడుకుంటాం’ అన్న వాక్యం ఎక్కడో సన్నటి అక్షరాల్లో ఉంటుంది. ఒంటిమీద నూలుపోగు లేని మీ మనవరాలి ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో ఊరందరికీ కనబడ్డం మీకిష్టం లేకపోతే ఆ వాక్యం కొట్టేయించి, పక్కన ఇద్దరూ సంతకాలు చేయండి. ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో తీసుకున్నాక, ఒకటి రెండు మంచివి ఏరి రెండేసి ప్రింట్లు వేయించండి. ఒక జత ఇక్కడికి, ఒక జత వియ్యపురాలిగారికి.