కారులో సంగీతం: లోపం తలుపులో ఉంది

కొత్త కారు ఇంటికి వచ్చిన కొద్దికాలానికే కొందరు యజమానులలో ఒక అసంతృప్తి మొదలవుతుంది. ఇంట్లో నిండుగా పలికిన మృదంగం కారులో రేకుడబ్బా మోతలా వినిపిస్తుంది. ధ్వని పెంచితే గాయకుని గొంతు బొంగురుపోతుంది. దుకాణంలో అడిగితే సమాధానం సిద్ధంగా ఉంటుంది: కొత్త యాంప్లిఫైయరు, డిక్కీలో పెద్ద సబ్‌వూఫరు. ఖర్చు వేలలో తేలుతుంది. అయితే లోపం చాలాసార్లు అక్కడ లేదు, తలుపులో ఉంది.

స్పీకరులోని కాగితపు శంకువు ముందుకు కదిలినప్పుడు ఎదుటి గాలి ఒత్తుకుంటుంది, వెనుక గాలి పలుచబడుతుంది. ఈ రెండు తరంగాలూ కలిస్తే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మంద్ర ధ్వనులకే ఈ నష్టం ఎక్కువ. ఇంటి స్పీకరును చెక్కపెట్టెలో బిగించడానికి ముఖ్య కారణం ఇదే. కారులో ఆ పెట్టె పని తలుపు చేయవలసి ఉంటుంది. కాని అద్దాన్ని ఎత్తి దించే యంత్రం కోసం తలుపు లోపలి రేకుకు చెయ్యి దూరేటంత రంధ్రాలు ఉంటాయి. అనేక కార్లలో వాటిమీద పలుచని ప్లాస్టిక్ కాగితం తప్ప మరేమీ ఉండదు.

కనుక మొదటి చికిత్స తలుపుకే జరగాలి. బయటి రేకుకు లోపలివైపున బ్యుటైల్ రబ్బరు షీట్లు అతికిస్తే దాని కంపనం తగ్గుతుంది; రేకంతా కప్పనక్కరలేదు. లోపలి రంధ్రాలను గట్టి పలకలతో, రేపు మరమ్మతుకు విప్పుకోగలిగేలా, మరలతో మూయాలి. స్పీకరు అంచుకూ రేకుకూ మధ్య స్పాంజి పట్టీ ఉండాలి. తలుపు అడుగున ఉండే చిన్న రంధ్రాలను మాత్రం ముట్టుకోరాదు. అద్దం పక్కనుంచి దిగే వాననీరు బయటికి పోయే దారి అదే. మూసుకుపోతే తలుపు తుప్పు పడుతుంది.

కాణీ ఖర్చులేని పరీక్ష ఒకటి ఉన్నది. ముందరి స్పీకర్లలో ఒకదాని రెండు వైర్లనూ తారుమారు చేసి వినాలి. మంద్రం పెరిగితే అవి అంతవరకు తప్పుగా కలిపి ఉన్నాయన్నమాట.

ఇక వాట్ల సంగతి. డబ్బాలమీద ఈ అంకెలు వేసేవారికి పురాణకవుల ఔదార్యం ఉంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో లభించే విద్యుత్తు సుమారు 14 వోల్టులు. దానితోనే నడిచే స్టీరియో, పెట్టెమీద 50 వాట్లని రాసి ఉన్నా, 4 ఓముల స్పీకరుకు శుభ్రంగా ఇవ్వగలిగేది 20 వాట్ల చిల్లరే. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సు మాత్రమే. చెవికి ధ్వని రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్లు కావాలి. అందుచేత సున్నితత్వం 3 డెసిబెల్సు ఎక్కువున్న స్పీకరును ఎన్నుకోవడం, యాంప్లిఫైయరు శక్తిని రెట్టింపు చేయడంతో సమానం.

అప్పటికీ యాంప్లిఫైయరు అవసరమైతే, బ్యాటరీనుంచి వచ్చే వైరుకు ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. యాంప్లిఫైయరు దగ్గర మాత్రమే ఉంటే, మధ్యలో ఒరిసిన వైరు ఇనుముకు తగిలిననాడు మంటను ఆపేది ఏదీ ఉండదు. కంపెనీ వైర్లను కోయనివ్వరాదు. సరిపోయే కప్లర్లు దొరుకుతాయి, వారంటీ తగాదా తప్పుతుంది.

దుకాణం ముందు ఆగి ఉన్న కారులో విని డబ్బు చెల్లించడం తొందరపాటు. టైర్ల రొద ముందుగా మింగేది మంద్ర ధ్వనులనే. అద్దాలు ఎత్తి, హైవేమీద పది నిమిషాలు నడిపి విన్న తర్వాతే బేరం ముగించాలి.