వయసు చూసి కాదు, పొగ చూసి తేల్చండి

సంక్రాంతి వెళ్ళిన వారం రోజులకు రాజోలు వైపు వెళ్తుంటే, దారిలో పాత ఇనుము కొట్టు ముందు తెల్ల అంబాసిడర్ కారు ఒకటి కనిపించింది. పెద్దాయన ఒకరు పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. కారును ఎవరూ తోసుకు రాలేదు. ఆయనే స్వయంగా నడుపుకుంటూ తెచ్చారట. తాళం తిప్పితే స్టార్టయ్యే బండిని తూకానికి అమ్మేస్తున్నారు.

"ఏవండీ బాబాయ్‌గారూ, నడిచే బండిని ఇలా ఇచ్చేస్తున్నారేం?" అని అడిగాను.

"ఏం చెయ్యమంటావు అబ్బాయ్? పదిహేనేళ్ళు దాటిన బళ్ళు పట్టుకుపోతారని టీవీలో చెప్పారు. పోనీ కాగితాలు మార్పిద్దామంటే పదివేలు కట్టాలంటున్నారు. మా కుర్రాళ్ళకా, దీని మీద మోజు లేదు" అన్నారాయన.

ఆయన చెప్పిన మాటల్లో మొదటిది మనకు వర్తించదు. రెండోది నిజం. ఈ రెంటినీ కలిపి విని మన గోదావరి జిల్లాల్లో చాలామంది పాత కార్లను వదిలించుకుంటున్నారు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాయవలసి వచ్చింది.

ఊరికి ఒక్క కారు

పాత కారంటే నేటి పిల్లలకు నవ్వులాట. మా చిన్నతనంలో అది ఊరి ఆస్తి. మా ఊరి మోతుబరి గారింట్లో ఉన్న ఒక్క అంబాసిడరే పెళ్ళికొడుకుకు ఊరేగింపు రథం, పురిటి నొప్పులు వచ్చిన తల్లికి ఆసుపత్రి బండి. మా చెల్లెలు పుట్టిన రాత్రి అమ్మను అమలాపురం తీసుకువెళ్ళింది ఆ కారే. ముందు సీటు బల్లలా ఒకటే ఉండేది. గేరు రాడ్డు స్టీరింగు పక్కన ఉండడంతో ముందు ముగ్గురు, వెనక నలుగురు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు సర్దుకునేవారు. యానాం దగ్గర బాలయోగి వారధి కట్టక ముందు ఎదుర్లంక రేవులోనూ, నర్సాపురం సఖినేటిపల్లి రేవులోనూ పంటు ఎక్కి గోదావరి దాటిన కార్లు ఇవి.

ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివర అంబాసిడర్ తయారీ మొదలుపెట్టారు. 2014 మే నెలలో ఆపేశారు. బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ చేసిన ఫియట్‌కు 1970ల నడుమ పద్మిని అని పేరు మారింది. 2000 ప్రాంతంలో అదీ ఆగిపోయింది. పేరు మారినా మనవాళ్ళు మాత్రం చివరిదాకా ఫియట్ కారనే అన్నారు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక ఈ రెంటి హవా మెల్లగా తగ్గింది. చిన్న కారు చవక, తేలిక. కానీ ఇంటిల్లిపాదీ, డిక్కీలో రెండు బియ్యం బస్తాలూ కలిసి ప్రయాణం చేసే కారు మాత్రం అది కాదు.

గుర్తుపట్టే సరదా

మేం నలుగురైదుగురం సాయంత్రాలు సెంటర్లో టీ కొట్టు దగ్గర కూర్చుని వచ్చే పోయే పాత కార్లను గుర్తుపడుతుంటాం. ఇందులో డబ్బున్న షోకేమీ లేదు, చూసే కన్ను ఉంటే చాలు. ముందు జాలీ గళ్ళు గళ్ళుగా వెడల్పుగా ఉంటే అంబాసిడర్ మార్క్ 2, అడ్డపట్టీలు ఉంటే 1975 తర్వాతి మార్క్ 3, జాలీ చిన్నదై పక్కన లైట్లు విడిగా ఉంటే 1979 తర్వాతి మార్క్ 4. నంబరు ఏపీ 5 అయితే తూర్పు, ఏపీ 37 అయితే పశ్చిమ. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక బండిది ఏ జిల్లాయో చెప్పే ఆ గుర్తు కొత్త కార్లకు పోయింది. జిల్లాలే 2022లో చీలిపోయాయి కానీ పాత కారు నుదుట పాత జిల్లా ఇంకా ఉంది.

ఇప్పుడు 1990ల మారుతి ఎస్టీములు, ఆ దశాబ్దం చివర వచ్చిన హ్యుందాయ్ యాక్సెంట్లూ ఈ లెక్కలోకి వచ్చాయి. వాటికీ పాతికేళ్ళు నిండుతున్నాయి. కాబట్టి ఇది తాతల కార్ల గొడవే అనుకోనక్కరలేదు. మీ నాన్నగారి కారు గొడవ కూడా.

చట్టం ఏం చెబుతోంది?

పదేళ్ళు దాటిన డీజిలు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బళ్ళు తిరగరాదని సుప్రీంకోర్టు 2018లో సమర్థించిన ఆంక్ష ఢిల్లీకీ దాని చుట్టుపక్కల ప్రాంతానికీ సంబంధించినది. మన రాష్ట్రంలో వయసును బట్టి కారును ఆపేసే నిబంధన లేదు. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు ఉంటుంది. తర్వాత తనిఖీ చేయించుకుని ఐదేళ్ళకొకసారి పొడిగించుకోవచ్చు.

చిక్కంతా రుసుముతోనే. 600 రూపాయలున్న రెన్యువల్ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 10,000 చేశారు. గ్రీన్ టాక్స్, ఇన్సూరెన్సు వేరే. గడువు దాటితే నెలకు 500 చొప్పున అదనం. నా పద్మినికి నాలుగు నెలలు అశ్రద్ధ చేసి నేనే 2,000 ఎక్కువ కట్టాను. అది నా తప్పు. కానీ ఛాసిస్ నంబరు కనపడడం లేదంటూ ఒక కార్యాలయంలో రెండుసార్లు తిప్పి పంపిన తప్పు మాత్రం నాది కాదు. మూడోసారి ఉప్పుకాగితం తీసుకువెళ్ళి, అక్కడే రంగు రుద్ది నంబరు చూపించాను.

యాభై ఏళ్ళు దాటిన బళ్ళకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ అని వేరే ఏర్పాటు చేశారు. కొత్తగా నమోదుకు 20,000, పదేళ్ళు చెల్లుతుంది. అయితే ఆ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు తిప్పాలే తప్ప రోజువారీ వాడరాదు. పైగా 1980లలో వచ్చిన మార్క్ 4 అంబాసిడర్లు, పద్మినీలకు ఇంకా ఆ వయసు రాలేదు. వింటేజ్ అనడానికి చిన్నవి, మామూలు రుసుముకు పెద్దవి. కుటుంబాన్ని అన్నవరమో అంతర్వేదో తీసుకువెళ్ళే పాత కారు రెంటికీ చెడ్డ రేవడి అయింది.

అవతలి వాదన

పాత కార్ల మీద ప్రేమతో నిజం దాచకూడదు. వీటిలో పొగను శుభ్రం చేసే పరికరం లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు. కొత్త కారుతో పోలిస్తే బ్రేకు ఆలస్యంగా పడుతుంది. జాతీయ రహదారి మీద లారీలతో పోటీపడే బళ్ళు కావివి. రోజంతా తిరిగే టాక్సీల సంగతి వేరు, వాటికి నిబంధన కఠినంగా ఉండవలసిందే. తనిఖీలో తప్పిన కారును వెనకేసుకు రావడం కూడా న్యాయం కాదు.

నేను అడిగేది ఒక్కటే. తనిఖీలో పొగ చూడండి, బ్రేకులు, స్టీరింగు, లైట్లు, అడుగు రేకు చూడండి. తప్పితే నిర్దాక్షిణ్యంగా ఆపండి. నెగ్గితే మాత్రం వయసు లెక్కపెట్టి రెట్టింపు అడగకండి. వారానికి పదిహేను మైళ్ళు తిరిగే శుభ్రమైన ఫియట్ కంటే, రోజూ నల్లపొగ చిమ్ముతూ తిరిగే పదేళ్ళ బండి ఊరికి ఎక్కువ చేటు. పరీక్ష రాసినవాడికి వయసు చూసి మార్కులు కోయరు కదా!

ఎవరు ఏం చెయ్యాలి?

రవాణాశాఖ అధికారులు అమలాపురం, నర్సాపురం, భీమవరం, రాజమండ్రిలలో ఏడాదికొకసారి పాత కార్లకు తనిఖీ శిబిరం పెట్టి, దళారుల ప్రమేయం లేకుండా కాగితాలు పూర్తిచేస్తే ఎంతో మేలు. రుసుము తగ్గించవలసింది కేంద్రం. మన ఎంపీలు ఆ మాట అక్కడ ఎత్తాలి.

మెకానిక్కుల సంగతీ ఆలోచించాలి. కార్బొరేటరు విప్పి, పాయింట్లు సరిచేసి, చెవితో విని టాపెట్లు బిగించే మేస్త్రీలు వయసు మీదపడి ఒక్కొక్కరే పని మానేస్తున్నారు. కొత్త కుర్రాళ్ళు కంప్యూటరు తగిలిస్తేనే జబ్బు చెప్పగలరు. వాళ్ళనని లాభం లేదు, నేర్పినవారు లేరు. మన ఐటీఐలలో ఈ పెద్ద మేస్త్రీల చేత నాలుగు రోజులు పాఠం చెప్పిస్తే ఆ విద్య నిలుస్తుంది. విడిభాగాలు విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే నేటికీ దొరుకుతున్నాయి. బిగించే చేతులే తగ్గిపోతున్నాయి.

కార్లున్నవారు కూడా కొంత జాగ్రత్త పడాలి. ఈరోజే ఆర్సీ తీసి గడువు తేదీ చూసుకోండి. గడువుకు అరవై రోజుల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు గొట్టాలు, పంపులోని పొర దానికి తట్టుకోకపోవచ్చు, మేస్త్రీకి చూపించి మార్పించండి. ఇథనాల్ చెమ్మను పీల్చుకుంటుంది కనుక ట్యాంకులో నెలల తరబడి పెట్రోలు నిల్వ ఉంచకండి. మన సముద్రపు గాలికి షెడ్డులో కదలకుండా ఉన్న కారే ముందు తుప్పు పడుతుంది. వారానికొకసారి కాలువగట్టు మీద నాలుగు మైళ్ళయినా తిప్పండి. ఇక వదిలించుకోక తప్పదనుకుంటే, గుర్తింపు ఉన్న స్క్రాపు కేంద్రానికే ఇచ్చి, సర్టిఫికెట్ తీసుకుని, ఆర్సీ రద్దు చేయించండి. కొత్త కారు కొనేటప్పుడు ఆ సర్టిఫికెట్ మీద పన్నులో రాయితీ కూడా ఉంది. కాటా కొట్టులో పడేసి వస్తే బండి పోయినా కాగితం మీద బాధ్యత మీదే.

ఆ పెద్దాయనకు ఈ సంగతులన్నీ చెప్పాను. అప్పటికే బేరం కుదిరి డబ్బు చేతిలో పడింది. "ముందే తెలిస్తే ఇంకో ఐదేళ్ళు ఉంచుకునేవాణ్ణి అబ్బాయ్" అంటూ బస్సు కోసం రోడ్డు మీదికి నడిచారు. తాళంచెవి ఆయన చేతిలోనే ఉండిపోయింది. కొట్టువాడు అడగనూ లేదు.

మన ఊళ్ళలో షెడ్ల కింద ఇంకా ఇలాంటి కార్లు ఉన్నాయి. వాటి యజమానులకు ఈ విషయం ముందే తెలియాలని, అధికారులు ఏళ్ళను కాక బండి కండిషన్ను చూడాలని కోరుతున్నాను.