గడప ఉన్నది దాటడానికే

తిరుమల కొండకు పోయేవాళ్ళకు తొలి గడప కాబట్టి మన ఊరికి కడప అని పేరొచ్చిందంటారు. అలాంటి ఊళ్ళో ఆడవాళ్ళు గడప దాటాలంటే ఏదో ఒక పని చూపించాల. కూరగాయలకు, బడికి, గుడికి పోవచ్చు. “సైకిలేసుకుని ఊరు చూసొస్తా” అంటే మాత్రం “ఈ వయసులో ఇదేం పిచ్చి?” అంటారు.

ఊరు మనది కాదా?

బీఏ తెలుగులో బ్రౌను దొర గురించి పేజీలకు పేజీలు రాశాం. 1820లో కడపకొచ్చాడు, వేమన పద్యాలు 1829లో అచ్చేయించాడు, 1852లో నిఘంటువు తెచ్చాడు. ఆయన బంగళా ఉన్న చోటే, ఎర్రముక్కపల్లెలో, గ్రంథాలయం ఉందని, పోయి తాళపత్రాలు చూసి రమ్మని ఎవరూ చెప్పలేదు.

ఆటోలో పోవచ్చు కదా అంటారు. పోతూనే ఉన్నాం, ఉగాదికి దేవుని కడపకు, ఉరుసుకు పెద్ద దర్గాకు. పది నిమిషాలు కాకముందే “ఇంక చాల్లే, పదండి” అనేవాళ్ళు పక్కనే ఉంటారు. ఉగాదినాడు ముస్లిం ఆడవాళ్ళు బీబీ నాంచారిని తమ ఇంటి ఆడబిడ్డగా తలచుకుని వెంకన్నకు టెంకాయ కొడతారు. దర్గాలో హిందువులు మొక్కు తీర్చుకుంటారు. ఇంత పెద్ద సంగతిని నిదానంగా చూసే తీరిక మనకొద్దా? సైకిలైతే మనం ఆపినచోట ఆగుతుంది.

ఎండంటారా, పొద్దున ఆరుకు బయలుదేరితే ఎనిమిదికి ఇంట్లో ఉంటాం. రోడ్లు బాగాలేవంటారా, నిజమే. మగవాళ్ళకూ అవే రోడ్లు కదా! రోడ్డు బాగు చేయమని అడగాల గాని, ఆడదాన్ని ఇంట్లో కూర్చోమనడం ఏం న్యాయం?

1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలమంది పల్లెటూరి ఆడవాళ్ళు సైకిల్ నేర్చుకున్నారు. వాళ్ళనూ చూసి నవ్వారు. వాళ్ళు దిగలేదు.

మన దగ్గర ప్రభుత్వం హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చింది. పది పాసవగానే ఆ సైకిల్ తమ్ముడిదవుతుంది, లేదా మెట్ల కింద తుప్పు పడుతుంది. బడికి పోవడానికి పనికొచ్చిన పిల్ల ఊరు చూడ్డానికి పనికిరాదా?

ఆ సైకిల్ బయటికి తీయండి అక్కా. గాలి కొట్టించండి. ఈ ఆదివారం కూతుర్ని పిల్చుకుని దేవుని కడప చెరువు దాకా పోయిరండి. ఏం పనిమీద పోయినారని ఎవరన్నా అడిగితే, పనేమీ లేదని చెప్పండి.